అనామలీలో ఎన్‌పీసీల చూపు, వినికిడి, అప్రమత్తత: ఏ విలువ మారిస్తే ఏం జరుగుతుంది?

బోల్ట్_సంచి

ఆడుతున్నది స్టాకర్ అనామలీ 1.5.2 అనే షూటింగ్ ఆట, మాడెడ్ ఎక్స్‌ఈలతో (అభిమానులు మార్చిన ఇంజిన్ ఫైళ్లు). మాడ్లు, అంటే ఆటకి చేర్చే మార్పులు, సర్దడానికి మాడ్ ఆర్గనైజర్ 2. లిస్టులో వాతావరణం మాడ్ ఒకటి, తుపాకీ శబ్దాల మాడ్ ఒకటి, రీషేడ్ (స్క్రీన్ రంగులు మార్చే ఫిల్టర్) ఉన్నాయి. శత్రు ఎన్‌పీసీలు (కంప్యూటర్ నడిపే పాత్రలు) నన్ను పసిగట్టే తీరు సరిచేయాలి.

ఒకటి: అర్ధరాత్రి గార్బేజ్ మ్యాప్‌లో హ్యాంగర్ దగ్గర బందిపోట్లు 80 మీటర్ల నుంచి కనిపెట్టేస్తున్నారు. నాకేమో స్క్రీన్ మీద నా తుపాకీ కూడా సరిగ్గా కనపడదు. రెండు: సైలెన్సర్‌తో ఒకణ్ణి పడగొడితే క్యాంపు క్యాంపంతా లేస్తుంది. మూడు: గోడ చాటుకి తప్పుకుని మళ్లీ తల బయటపెడితే రెండోసారి అర సెకను కూడా ఇవ్వరు, చాటున ఉన్నప్పుడే గురి నామీదే పెట్టుకుని ఉంటారు.

ఎం_స్టాకర్ ఫైల్లో (ఎన్‌పీసీల సెట్టింగులుండే ఎల్‌టీఎక్స్ ఫైల్) ఐ_రేంజ్‌ని (చూపు దూరం, మీటర్లలో) 40 చేస్తే రాత్రిళ్లు బాగానే ఉంది. కానీ పట్టపగలు బట్టబయట 60 మీటర్ల దూరంలో నడిచొస్తున్నా ఎవరూ తల తిప్పరు. రాత్రి చూపు తగ్గాలి, పగలు మామూలుగా ఉండాలి, ఒకసారి అప్రమత్తమయ్యాక మాత్రం మొద్దుల్లా ఉండకూడదు. ఏ విలువలు ముట్టుకోవాలి, ఏవి ముట్టుకోకూడదు?

ఎక్స్‌రే_మేస్త్రీ

ముందు ఐ_రేంజ్‌ని పాత విలువకి తెచ్చెయ్యండి. అది చూపుకి పొలిమేర, అంతే. పొలిమేర లోపల ఎంత త్వరగా గుర్తుపడతారన్నది వేరే లెక్క, మీ మూడు సమస్యల్లో రెండు అక్కడే ఉన్నాయి.

(కీలు, అంటే సెట్టింగుల పేర్లు, పలికినట్టు తెలుగులో రాస్తున్నా. ఫైల్లో ఇవే ఇంగ్లిష్ అక్షరాల్లో, అండర్‌స్కోర్‌తో ఉంటాయి. ఒక్క జాగ్రత్త: ల్యుమినోసిటీ స్పెల్లింగులో ఇంజిన్ రాసినవాళ్లు ‘ఎస్’ పెట్టాల్సిన చోట ‘సి’ పెట్టారు. సరైన స్పెల్లింగుతో వెతికితే దొరకదు, సరైన స్పెల్లింగుతో రాస్తే పనిచేయదు.)

ఎన్‌పీసీ సెక్షన్‌లో (సెక్షన్ అంటే ఫైల్లో చదరపు బ్రాకెట్లలో పేరున్న భాగం) విజన్_ఫ్రీ_సెక్షన్, విజన్_డేంజర్_సెక్షన్ అని రెండు లైన్లు ఉంటాయి. వాటి ఎదురుగా ఉన్న పేర్లే మీరు మార్చాల్సిన సెక్షన్లు. మొదటిది తాపీగా ఉన్నప్పటి చూపు, రెండోది ప్రమాదం పసిగట్టాక వాడే చూపు. రెండింటిలోనూ కీలు ఒకటే, విలువలు వేరుగా పెట్టుకోవచ్చు. మీరు అడిగిన ‘రాత్రి మెతక, అప్రమత్తమయ్యాక చురుకు’ ఇక్కడే సాధ్యం.

గుర్తుపట్టడం స్విచ్ వేసినట్టు ఒక్కసారిగా జరగదు. ప్రతి ఎన్‌పీసీ దగ్గర మీ పేరు మీద ఒక కుండ ఉందనుకోండి. మీరు చూపులో ఉన్నంతసేపూ నిండుతుంది, విజిబిలిటీ_థ్రెషోల్డ్‌ని తాకితే ‘చూశాడు’. ప్రతి అప్‌డేట్‌కీ కలిసేది ఇంత:

(గడిచిన సమయం ÷ టైమ్_క్వాంట్) × వెలుతురు × (1 + వెలాసిటీ_ఫ్యాక్టర్ × మీ వేగం) × (చూపు దూరం − మీ దూరం) ÷ (చూపు దూరం − ఆల్వేస్_విజిబుల్_డిస్టెన్స్)

సమయం సెకన్లలో, వేగం సెకనుకి మీటర్లలో. ఆల్వేస్_విజిబుల్_డిస్టెన్స్ అంటే ఎంత దగ్గరైతే వెంటనే కనపడిపోతారో ఆ దూరం, కింది లెక్కల్లో దాన్ని 0 అనుకున్నా. వెలుతురు అంటే మీ ఒంటి మీద ఇంజిన్ లెక్కగట్టిన కాంతిని ల్యుమినోసిటీ_ఫ్యాక్టర్ ఘాతానికి పెంచిన విలువ. ఇది ప్లేయర్‌కి మాత్రమే. ఎన్‌పీసీలు ఒకరినొకరు చూసుకునేటప్పుడు దీన్ని 1గానే తీసుకుంటారు, అందుకే చిమ్మచీకట్లో కూడా డ్యూటీ, ఫ్రీడమ్ అనే శత్రు వర్గాల వాళ్లు ఒకరినొకరు పగటిపూటలాగే కాల్చుకుంటారు.

చూపు దూరం కూడా స్థిరం కాదు. కంటి మధ్యలో ఐ_రేంజ్ × మ్యాక్స్_వ్యూ_డిస్టెన్స్, ఐ_ఎఫ్‌ఓవీ (చూపు కోణం) అంచున ఐ_రేంజ్ × మిన్_వ్యూ_డిస్టెన్స్, మధ్యలో కోణాన్ని బట్టి తగ్గుతూ వస్తుంది. రేంజ్ 100, మిన్ 0.4, మ్యాక్స్ 1.0 అయితే ఎదురుగా 100 మీటర్లు, చూపు అంచున 40 మీటర్లే.

ఇప్పుడు లెక్క. థ్రెషోల్డ్ 100, టైమ్_క్వాంట్ 0.005, వెలాసిటీ 0.5, ల్యుమినోసిటీ 0.5, రేంజ్ 100. మీరు సరిగ్గా ఎదురుగా 50 మీటర్లలో ఉన్నారు. పగలు వెలుతురు 1 అనుకుని సెకనుకి 4 మీటర్ల వేగంతో నడుస్తుంటే 0.33 సెకన్లలో దొరికిపోతారు. రాత్రి వెలుతురు 0.1 అయినా, దాని వర్గమూలం 0.316 కాబట్టి, నడుస్తూ ఉంటే 1 సెకను, కదలకుండా ఉంటే 3.2 సెకన్లు. చీకటి పదో వంతుకి పడిపోయినా మీకు దక్కిన లాభం మూడింతలే. మీ మొదటి ఫిర్యాదుకి కారణం ఇదే.

అందుకని ఫ్రీ సెక్షన్‌లో టైమ్_క్వాంట్ 0.01, ల్యుమినోసిటీ_ఫ్యాక్టర్ 0.8 పెట్టి చూడండి. అదే 50 మీటర్ల దగ్గర: పగలు నడిస్తే 0.67 సెకన్లు, రాత్రి నడిస్తే 4.2, రాత్రి వంగి సెకనుకి మీటరున్నర చొప్పున జరిగితే 7.2, కదలకపోతే 12.6. పగలు పెద్దగా మారలేదు, రాత్రి మాత్రం దొంగతనానికి పనికొచ్చేలా అయింది. ఘాతం కాబట్టి 1 దగ్గర వెలుతురుకి ఈ కీ ఏమీ చేయదు, కింద ఉన్నదాన్నే ఇంకా కిందికి తొక్కుతుంది. పగలుని పాడుచేయకుండా రాత్రిని మార్చడానికి ఇంతకంటే మంచి కీ లేదు.

మూడో సమస్యకి రెండు కీలు. మొదటిది డిక్రీజ్_వాల్యూ. మీరు చూపు తప్పించుకున్నాక కుండలోంచి ప్రతి అప్‌డేట్‌కీ కారిపోయేది ఇదే. థ్రెషోల్డ్ 100 ఉండి ఇది 0.01 ఉంటే కారడం అన్నది పేరుకే. సెకనుకి 20 అప్‌డేట్లు అనుకున్నా సగం నిండినది ఖాళీ అవడానికి 250 సెకన్లు. మీరు తల దాచుకుని ‘ఊపిరి పీల్చుకున్నా’ అనుకుంటారు, వాడి లెక్కలో మీరు 70 దగ్గరే ఉన్నారు, మళ్లీ తల పెట్టగానే 100. దీన్ని 0.5 నుంచి 1.0 మధ్య పెట్టండి. 1.0 దగ్గర సగం నిండినది రెండున్నర సెకన్లలో ఖాళీ. ఒక తిరకాసు ఉంది: నిండడం గడిచిన సమయంతో గుణిస్తారు, కారడం అప్‌డేట్‌కి ఇంత అని తీసేస్తారు. అంటే అప్‌డేట్లు నెమ్మదిగా జరిగే దూరపు ఎన్‌పీసీలు, ఎఫ్‌పీఎస్ (సెకనుకి ఫ్రేములు) పడిపోయే కంప్యూటర్లలోని ఎన్‌పీసీలు ఆలస్యంగా మరిచిపోతారు. అందుకే ఒకరి ప్రీసెట్ ఇంకొకరికి అచ్చుగుద్దినట్టు కుదరదు.

రెండోది స్టిల్_విజిబుల్_టైమ్, మిల్లీసెకన్లలో. ఒకసారి చూసేశాక మీరు గోడ వెనక్కి పోయినా ఇంతసేపు ‘ఇంకా కనిపిస్తున్నట్టే’ లెక్క. 5000 ఉంటే అయిదు సెకన్లపాటు గోడలోంచి మీ అడుగులు తెలుస్తుంటాయి. డేంజర్ సెక్షన్‌లో 1200–1500 చాలు. సున్నా చేయకండి, స్తంభం అడ్డొచ్చినప్పుడల్లా మిమ్మల్ని పోగొట్టుకుని కాల్పులు ఆపేస్తారు.

డేంజర్ సెక్షన్‌లో టైమ్_క్వాంట్‌ని 0.005 దగ్గరే ఉంచండి. విజిబిలిటీ_థ్రెషోల్డ్‌ని మాత్రం రెండు సెక్షన్లలో ఒకటే ఉంచండి. ఫ్రీలో 100, డేంజర్‌లో 50 పెట్టారనుకోండి: తాపీగా ఉన్నప్పుడు 60 దాకా నిండి ఉన్నవాడు ఎక్కడో చప్పుడుకి ఉలిక్కిపడగానే, మీవైపు ఇంకో క్షణం కూడా చూడకుండా, గుర్తుపట్టేసినట్టు లెక్క తేలుతుంది. వేగం మార్చాలంటే టైమ్_క్వాంట్ మార్చండి, గీత కదపకండి.

చప్పుడు_చేయకు

సైలెన్సర్ సంగతి నేను చెప్తా. చూపు కీలు ఎంత తిప్పినా అది మారదు. శబ్దాల మాడ్ ఉంది అన్నారు కదా, ముందు దాన్నే అనుమానించండి.

ఈ ఇంజిన్‌లో శబ్దం ఎంత దూరం ఎన్‌పీసీకి వినపడాలన్నది ఎల్‌టీఎక్స్‌లో ఉండదు. ఓజీజీ ఫైల్ (శబ్దం ఉన్న ఫైల్) లోపలే కామెంట్ రూపంలో ఉంటుంది: కనిష్ఠ దూరం, గరిష్ఠ దూరం, బేస్ వాల్యూమ్, మ్యాక్స్ ఏఐ డిస్టెన్స్. ఆఖరిదే మనకి కావలసింది. ఆ దూరం దాటి ఉన్న ఎన్‌పీసీని ఇంజిన్ లెక్కలోకే తీసుకోదు. లోపల ఉంటే దూరం, మధ్యలో గోడల అడ్డు చూసి బలం కడుతుంది.

ఎవరో ఒక మంచి రికార్డింగ్ తెచ్చి ఆడాసిటీ అనే సౌండ్ ఎడిటర్‌లో కోసి ఓజీజీగా ఎగుమతి చేస్తారు. ఆ ఎగుమతిలో పాత కామెంట్ ఎగిరిపోతుంది. మన చెవికి సైలెన్సర్ ‘టప్’ అని మెత్తగానే ఉంటుంది, కానీ కామెంట్ లేని ఫైలుకి ఇంజిన్ తన డిఫాల్ట్ వేసుకుంటుంది, అది సైలెన్సర్‌కి ఉండాల్సినదానికంటే చాలా పెద్ద దూరం. వెంటనే క్యాంపు లేస్తుంది.

పరీక్ష చాలా సులువు. యాప్‌డేటా ఫోల్డర్‌లో లాగ్స్‌లోకి వెళ్లి, ఆడిన తర్వాతి లాగ్ తెరిచి ‘ఓజీజీ-కామెంట్’ అనే ముక్క కోసం వెతకండి (మధ్యలో అడ్డగీత ఉంటుంది, ఇంగ్లిష్‌లో). కామెంట్ లేదనో చెల్లదనో ఫైల్ పేరుతో సహా ఫిర్యాదు ఉంటుంది. మీ తుపాకీ ఏ ఫైల్ వాడుతుందో తుపాకీ ఎల్‌టీఎక్స్‌లో సైలెన్సర్ షాట్ లైన్‌లో చూడండి. ఇక్కడా స్పెల్లింగు పంచాయితీయే: ‘సైలెన్సర్’లో ఒక ‘ఇ’ అక్షరం మింగేశారు, కాబట్టి ‘ఎస్‌ఎన్‌డీ’తో మొదలయ్యే లైన్లన్నీ కంటితో చూసుకోండి.

సరిచేయడానికి ఎక్స్‌రే ఎస్‌డీకేలోని (ఈ ఇంజిన్ పనిముట్ల సంచి) సౌండ్ ఎడిటర్‌తో కామెంట్ మళ్లీ రాయాలి. ఫైల్ 44.1 కిలోహెర్ట్జ్, మోనో అయి ఉండాలి. నేను పెట్టే మ్యాక్స్ ఏఐ దూరాలు: సైలెన్సర్ పిస్టల్‌కి 25–30 మీటర్లు, సైలెన్సర్ రైఫిల్‌కి 50–60, సైలెన్సర్ లేని రైఫిల్‌కి 150 పైన. మన చెవికి వినపడే గరిష్ఠ దూరాన్ని వీటితో ముడిపెట్టనక్కర్లేదు, రెండూ వేర్వేరు అంకెలు.

తేలిక దారి కావాలంటే సౌండ్_థ్రెషోల్డ్ అనే కీ పెంచొచ్చు, బలహీనమైన శబ్దాలు వదిలేస్తారు. నాకు నచ్చదు. అడుగుల చప్పుడు, తలుపు చప్పుడు, పక్కవాడి అరుపు అన్నీ కలిపి వదిలేస్తారు, కొంచెం ఎక్కువ పెంచితే మొత్తం జోన్ (ఆటలోని ప్రపంచం) చెవిటిదవుతుంది.

ఇంకోటి. మీ తూటా గురి తప్పి వాడి పక్కన గోడకి తగిలితే, ఆ దెబ్బ వేరే ప్రమాదంగా నమోదవుతుంది. దానికి సైలెన్సర్‌తో సంబంధం లేదు. శవం కంటపడినా అంతే, పక్కవాడు దెబ్బతినడం చూసినా అంతే. ఎక్స్‌ఆర్_డేంజర్ స్క్రిప్ట్ తెరిస్తే ఈ రకాలన్నీ విడివిడిగా ఉంటాయి, ఏ రకాన్ని ఎంత దూరం దాటితే పట్టించుకోకూడదో ఒక్కోదానికి విడిగా చూస్తుంది. శబ్దం సరిచేశాక కూడా క్యాంపు లేస్తుంటే, నలుగురూ చూసేచోట శవాన్ని పడేస్తున్నారేమో చూడండి. ఆట తప్పు కాదది.

బోల్ట్_సంచి

లాగ్‌లో ఆ ఫిర్యాదులు బోలెడున్నాయి, శబ్దాల మాడ్ ఫైళ్లే. వాటి పని పడతాను.

మేస్త్రీ గారూ, ఫ్రీ, డేంజర్ సెక్షన్లు రెండూ కొత్త ఎల్‌టీఎక్స్‌లో రాసి పెడితే ఆట తెరుచుకోకుండానే క్రాష్, డూప్లికేట్ సెక్షన్ అంటోంది. ఆ ఫైల్ తీసేసి అసలు ఎం_స్టాకర్‌నే మారిస్తే తెరుచుకుంటోంది గానీ తేడా ఏమీ కనపడటం లేదు. టైమ్_క్వాంట్ 0.05 పెట్టినా అంతే.

ఎక్స్‌రే_మేస్త్రీ

రెండూ వేర్వేరు జబ్బులు.

క్రాష్ సంగతి: మాడెడ్ ఎక్స్‌ఈలలో డీఎల్‌టీఎక్స్ (మార్పులని వేరే ఫైల్లో రాసే సౌకర్యం) ఉంది కాబట్టి అసలు ఫైల్ ముట్టుకోనక్కర్లేదు. కానీ ఉన్న సెక్షన్‌ని మారుస్తున్నప్పుడు చదరపు బ్రాకెట్‌కి ముందు ఒక ఆశ్చర్యార్థకం పెట్టాలి. అది లేకపోతే కొత్త సెక్షన్ అనుకుంటుంది, ఆ పేరుతో ఒకటి ఉంది కాబట్టి డూప్లికేట్ అని ఆగిపోతుంది. రెండు ఆశ్చర్యార్థకాలు పెట్టకండి, అది సెక్షన్‌ని తుడిచేసే గుర్తు. ఫైల్ పేరు ‘మాడ్_సిస్టమ్_’తో మొదలై ఎల్‌టీఎక్స్‌తో ముగియాలి, కాన్ఫిగ్స్ ఫోల్డర్‌లో నేరుగా, సిస్టమ్ ఎల్‌టీఎక్స్ పక్కన ఉండాలి, క్రీచర్స్ ఫోల్డర్‌లో కాదు. లోపల మారే కీలు మాత్రమే రాయండి, మిగతావి పాతవే నిలుస్తాయి. కీ పేరు తప్పు రాస్తే మాత్రం ఏ హెచ్చరికా రాదు. ఎవరూ చదవని ఒక కీ ఫైల్లో అలా పడి ఉంటుంది, మీరు తేడా కోసం జోన్ అంతా తిరుగుతుంటారు.

తేడా కనపడకపోవడానికి మూడు చోట్ల చూడండి.

ఆటని పూర్తిగా మూసి తెరిచారా? సిస్టమ్ ఎల్‌టీఎక్స్ కుటుంబమంతా ఎక్స్‌ఈ మొదలైనప్పుడు ఒక్కసారే చదువుతుంది. సేవ్ లోడ్ చేస్తే లువా స్క్రిప్ట్‌లు మళ్లీ చదువుతుంది గానీ ఇవి చదవదు.

వేరే మాడ్ మీ ఫైల్‌ని కప్పేస్తోందా? ఆర్గనైజర్ ఎడమ జాబితాలో కిందున్నదే నెగ్గుతుంది. మెరుపు గుర్తు ఉన్న మాడ్ మీద డబుల్ క్లిక్ చేసి కాన్‌ఫ్లిక్ట్స్ ట్యాబ్ చూడండి.

ఇక అసలు అనుమానం: విజువల్_మెమరీ_మేనేజర్ అనే స్క్రిప్ట్. నేను పైన రాసిన సూత్రం ఇంజిన్‌ది. కానీ అనామలీ ఇంజిన్ ఆ లెక్క కట్టేముందు ఈ స్క్రిప్ట్‌లో గెట్_విజిబుల్_వాల్యూ అనే ఫంక్షన్ ఉందా అని చూసి, ఉంటే అది ఇచ్చిన అంకెనే తీసుకుంటుంది. చూసే ఎన్‌పీసీ, కనపడేవాడు, గడిచిన సమయం, టైమ్_క్వాంట్, వెలుతురు, వెలాసిటీ_ఫ్యాక్టర్, వేగం, చూపు దూరం, అసలు దూరం, ఆల్వేస్_విజిబుల్ అన్నీ దానికి అందుతాయి. స్టెల్త్ మాడ్లు (దొంగచాటు ఆటకి పనికొచ్చేవి) చాలావరకు చేసే పని ఈ ఒక్క ఫైల్‌ని మార్చేయడమే. అలాంటిది మీ లిస్టులో ఉండి, అందులో టైమ్_క్వాంట్‌ని పక్కనపెట్టి సొంత అంకె వాడితే, మీరు ఎల్‌టీఎక్స్‌లో 0.05 పెట్టినా 5 పెట్టినా ఒకటే. థ్రెషోల్డ్, డిక్రీజ్_వాల్యూ మాత్రం స్క్రిప్ట్‌కి అందవు, అవి ఇంజిన్ చేతిలోనే ఉంటాయి, కాబట్టి అవి ఎప్పుడూ పనిచేస్తాయి.

ఆ ఫంక్షన్ చివర్లో, తిరిగిచ్చే అంకెని లాగ్‌లో రాయించండి. కనపడేవాడి ఐడీ 0 అయినప్పుడే (ప్లేయర్ ఐడీ 0), అదీ సెకనుకి ఒకసారే రాసేలా టైమ్_గ్లోబల్‌తో పట్టుకోండి. లేకపోతే చుట్టుపక్కల ప్రతి జంటకీ ప్రతి అప్‌డేట్‌కీ రాసి, ఆట నత్తనడక నడుస్తుంది. అంకెతోపాటు వెలుతురు విలువ కూడా రాయించండి. కన్సోల్‌లో ఫ్లష్ కొడితే లాగ్ వెంటనే ఫైల్లోకి దిగుతుంది. టార్చ్ వేసి, ఆపి, చెట్టు నీడలో, మంట పక్కన నిలబడి ఆ వెలుతురు అంకె చూస్తే మీ సెటప్‌లో 0.1 అంటే ఏమిటో తెలుస్తుంది. అది తెలియకుండా ల్యుమినోసిటీ_ఫ్యాక్టర్ దిద్దడం గుడ్డిగా ఉప్పు వేయడమే.

మబ్బుల_రాత్రి

వెలుతురు గురించి ఒక మాట కలుపుతా, ప్రశ్నలో రీషేడ్ అన్నారు కాబట్టి.

స్క్రీన్ మీది చీకటి వేరు, ఇంజిన్ లెక్కలోని చీకటి వేరు. ఇంజిన్ మీ ఒంటి మీద పడే కాంతిని వాతావరణం ఫైళ్లలోని సూర్యుడి రంగు, హెమిస్ఫియర్ రంగు, యాంబియంట్ రంగు, చుట్టూ ఉన్న దీపాలతో కడుతుంది. రీషేడ్, గామా స్లైడర్, మానిటర్ బ్రైట్‌నెస్ చివర్లో బొమ్మ మీద పూసే రంగులు. వాటితో రాత్రిని బొగ్గులా చేసుకుంటే కళ్లు పోయేది మీకే, బందిపోటుకి కాదు. రాత్రి నిజంగా నల్లగా ఉండాలంటే రీషేడ్‌లో తగ్గించినదాన్ని తీసేసి, వాతావరణం మాడ్‌లో చీకటి రాత్రుల ఎంపిక ఉంటే దాన్ని వాడండి. అప్పుడు ఇద్దరికీ ఒకే చీకటి.

పొగమంచుది ఇంకో కథ. మంచు పడితే చూపు దూరం తగ్గించే లెక్క ఇంజిన్‌లో ఉంది: చూపు దూరాన్ని (1 + ఫాగ్_డెన్సిటీ_ఫ్యాక్టర్ × మంచు సాంద్రత)తో భాగిస్తుంది. ఎన్‌పీసీ సెక్షన్‌లో ఈ కీ లేకపోతే 0.05 అనుకుంటుంది. అంటే సాంద్రత 1 ఉన్న నిండు మంచులో కూడా చూపు తగ్గేది అయిదు శాతం లోపే! మీకు చెయ్యి చాచితే కనపడదు, వాడికి 95 మీటర్లు కనపడుతుంది. ఆ కీని మీ డీఎల్‌టీఎక్స్‌లో, ఐ_రేంజ్ ఉన్న సెక్షన్‌లోనే, 1.0గా చేర్చండి. సాంద్రత 1 దగ్గర చూపు సగమవుతుంది. వాతావరణం ఫైల్లో ఫార్_ప్లేన్ (బొమ్మ గీసే గరిష్ఠ దూరం) చిన్నదైతే అది కూడా రేంజ్‌ని కోస్తుంది, కానీ పెద్దదైతే పెంచదు.

గడ్డి సంగతి చాలామందికి భ్రమ. నేల మీది గడ్డి కేవలం అలంకరణ, ఎన్‌పీసీ చూపుకి అది లేనట్టే. ఎంత ఒత్తుగా పెంచినా, అందులో పడుకున్నా లాభం లేదు. పొదలు, చెట్ల ఆకులు మాత్రం లెక్కలోకి వస్తాయి: చూపు రేఖ ఒక్కో ఆకుల పొర దాటినప్పుడల్లా ఆ మెటీరియల్ పారదర్శకతతో గుణించి, ఫలితం ట్రాన్స్‌పరెన్సీ_థ్రెషోల్డ్ కంటే కిందికి పోతే అడ్డుగా తీసుకుంటుంది. కాబట్టి పొదల చాటు బాగా పనిచేయాలంటే ఆ కీ పెంచాలి. ఫ్రీలో 0.4 ఉంటే 0.55–0.6 చేయండి. చాలామంది తగ్గిస్తారు, ఫలితం తిరగబడుతుంది.

గుడ్డి_కుక్క

పైవాళ్లు చెప్పనిది ఒకటుంది. ఒకడు చూస్తే ఆ గుంపులో అందరికీ తెలుస్తుంది. ఒకే గుంపు ఎన్‌పీసీలు శత్రువు జాడని పంచుకుంటారు, అది ఇంజిన్ లోపలి పని, ఈ కీలతో ఆగదు. కాబట్టి ఎనిమిది మంది ఉన్న చోట మీ లెక్క సగటువాడితో కట్టకూడదు, అందరికంటే దగ్గరగా, సరిగ్గా మీకెదురుగా ఉన్నవాడితో కట్టాలి. ఒంటరివాడి మీద పరీక్షించి బాగుందనుకున్న ప్రీసెట్ క్యాంపు మీద తేలిపోయేది ఇందుకే.

స్కోప్ ఉన్న తుపాకీ పట్టినవాణ్ణి విడిగా చూడు తమ్ముడూ. తుపాకీ లేదా స్కోప్ సెక్షన్‌లో హోల్డర్_రేంజ్_మాడిఫయర్, హోల్డర్_ఎఫ్‌ఓవీ_మాడిఫయర్ అని ఉంటాయి. మొదటిది వాడి చూపు దూరాన్ని గుణిస్తుంది, రెండోది కోణాన్ని. 100 రేంజ్ వాడు 1.8 మాడిఫయర్ స్కోప్‌తో 180 అవుతాడు, నువ్వేమో 110 దగ్గర క్షేమం అనుకుంటూ ఉంటావు. తుపాకుల మాడ్లలో ఈ అంకెలు ఇష్టమొచ్చినట్టు ఉంటాయి. రేంజ్‌తోపాటు ఎఫ్‌ఓవీ మాడిఫయర్ తగ్గకపోతే మాత్రం అన్యాయం. దూరం పెరిగితే కోణం కుదించుకోవాలి, 0.3–0.5 దగ్గర పెట్టు.

ఐ_ఎఫ్‌ఓవీని 180 వైపు తోయకు. ఆ కోణంతో ఇంజిన్ చూపు శంకువు కడుతుంది, 180 దగ్గర ఆ లెక్క అనంతానికి పోతుంది. వెనక కూడా చూడాలనుకుంటే దానికి వినికిడి ఉంది, ఆల్వేస్_విజిబుల్_డిస్టెన్స్ కూడా ఉంది గానీ అది చూపు శంకువు లోపలే పనిచేస్తుంది.

మృగాలకి ఇవేవీ అంటవు. ఫ్రీ, డేంజర్ అన్న విభజన మనుషులకే. కుక్కకి, పందికి, బ్లడ్‌సక్కర్‌కి చూపు కీలన్నీ వాటి వాటి సెక్షన్‌లోనే ఒక్క జత ఉంటాయి, క్రీచర్స్ ఫోల్డర్‌లో ఒక్కోదానికి ఒక్కో ఫైల్. అన్నిటికీ ఒకే టైమ్_క్వాంట్ అంటించకు. బ్లడ్‌సక్కర్‌ని మందకొడి చేస్తే ఆడటానికేం మిగలదు.

బోల్ట్_సంచి

లిస్టులో స్టెల్త్ మాడ్ లేదనుకున్నా గానీ, ఒక ఏఐ ప్యాక్ లోపల విజువల్_మెమరీ_మేనేజర్ దాక్కుని ఉంది, టైమ్_క్వాంట్ బదులు సొంత అంకె వాడుతోంది. దాన్ని ఆర్గనైజర్‌లో హైడ్ చేశాక ఎల్‌టీఎక్స్ విలువలు పట్టుకున్నాయి. లాగ్‌లో వెలుతురు రాత్రి బయట 0.07, హ్యాంగర్ మంట పక్కన 0.4 చూపిస్తోంది.

మిగిలిన ఒక్క ప్రశ్న: స్క్రిప్ట్‌కి అందే వెలుతురు ఘాతం వేయకముందుదా, వేశాకదా?

ఎక్స్‌రే_మేస్త్రీ

వేశాకది. మీ ఫ్యాక్టర్ ఇప్పుడు 0.8 అయితే, 0.07 వెనక ఉన్న అసలు కాంతి 0.07ని 1.25 ఘాతానికి పెంచితే వచ్చేది, సుమారు 0.036. మంట పక్కన 0.4 అంటే అసలు 0.32. ఫ్యాక్టర్ మార్చిన ప్రతిసారీ లాగ్ అంకె మారుతుంది కాబట్టి, పోల్చుకునేటప్పుడు అసలు కాంతికి మార్చుకుని పోల్చండి, లేదా కొలిచేంతసేపు ఫ్యాక్టర్‌ని 1.0 చేసి ఉంచండి. అలా చేస్తే అసలు కాంతే నేరుగా కనిపిస్తుంది.

మీ అంకెలకి 0.8 కొంచెం ఎక్కువే. ఆ చీకట్లో 50 మీటర్ల దగ్గర నడిచినా దాదాపు 9.5 సెకన్లు పడుతుంది, గస్తీ తిరిగేవాడు ఈలోపు మొహం తిప్పేసుకుంటాడు. 0.65 చేస్తే 5.8 సెకన్లు. దానితో మొదలుపెట్టి, హ్యాంగర్ దగ్గర ఎనిమిది మంది ఉన్నప్పుడే చూడండి, ఒకడే ఉన్నప్పుడు కాదు.